బల్ల మీద ఆకుపచ్చ వలయం

ఐదింటికల్లా తులసిని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. అప్పటికే మూడు కావస్తోంది. ఆ పిల్లని బయటపడేస్తానని ఆమె వకీలుకి మాటిచ్చిన డిటెక్టివ్ అరుణశ్రీ మాత్రం కాలేజీ లేబరేటరీలో, ఆసుపత్రి పాలైన ప్రొఫెసర్ మోహనకృష్ణ కుర్చీలో వెనక్కి వాలి, హాయిగా కళ్ళు మూసుకుంది.

సి.ఐ. ధనరాజుకి ఒళ్ళు మండిపోయింది. మండదూ మరి? ఎస్పీగారు చెప్పారు కదా అని నిందితురాలిని జీపులో ఎక్కించుకుని, ఓ మహిళా కానిస్టేబుల్ని తోడిచ్చి, పనులన్నీ మానుకుని కాలేజీ దాకా వస్తే, ఈవిడగారు నిద్రగన్నేరు చెట్టులా సాయంత్రం కాకుండానే ముడుచుకుపోతోంది.

"ఏటి మేడమ్, తొంగున్నారా?"

"లేదండీ. చూస్తున్నాను."

"కళ్ళు మూసుకునా?"

"తెరిస్తే మీరొక్కరే కనిపిస్తున్నారు."

కానిస్టేబుల్ నవ్వు ఆపుకోడానికి గోడవైపు తిరిగింది. ధనరాజు టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. సాలూరు లారీల మధ్య పుట్టి పెరిగిన మనిషి. ఏ పనైనా హారన్ కొట్టి, గేరు మార్చి ముందుకు పోవాలంతే. కూచుని కలలు కనేవాళ్ళంటే ఆయనకి గిట్టదు. అరుణశ్రీ అంటే అస్సలు గిట్టదు. ఫోరెన్సిక్ లేబరేటరీలో ఉద్యోగం వదిలేసి విజయనగరంలో డిటెక్టివ్ బోర్డు కట్టినప్పటి నుంచీ ఆయన మూసేసిన కేసులు రెండు ఆవిడ తెరిచింది. ఇది మూడోది కాకూడదని ఆయన పంతం.

నిజానికి ఆ గదిలో ఎవరికైనా కళ్ళు మూతలు పడతాయి. ఇక్కడ పెరిగే స్ఫటికాలకి వెలుతురు పడదని కిటికీలకి నల్లగుడ్డలు కట్టారు. మూల ఓ పంపు జోలపాటలా సన్నగా ఒకే శ్రుతిలో మోగుతోంది. ఏసీ నుంచి బకెట్లోకి నీటిచుక్కలు పడుతున్నాయి. అల్మరాలో గాజు మూతల కింద స్ఫటికాలు వరసగా కూర్చున్నాయి. ఎక్కువ నల్లవి, కొన్ని ముదురు ఎరుపువి, పటికబెల్లం ముక్కల్లా మూలలు తీరి ఉన్నాయి. అరుణశ్రీకి వాటిని చూస్తుంటే తాను మేలుకుని ఉన్నానో, ఎవరి కలలోకో తప్పిపోయి వచ్చానో తెలియకుండా ఉంది. ఆ మత్తు ఆవిడకి అలవాటే. అందులోంచే ఎప్పుడూ ఏదో ఒకటి తేలి పైకి వస్తుంది. అందుకే దాన్ని తోలెయ్యదు.

"తులసీ, ఇలా వచ్చి కూర్చో" అంది, కళ్ళు తెరవకుండానే.

తులసి వచ్చి స్టూలు మీద కూర్చుంది. మైలపల్లి తులసి, ఇరవయ్యారేళ్ళు. భోగాపురం దాటాక సముద్రం ఒడ్డున ఉన్న రాళ్ళపేట ఆమె ఊరు. ఆ పేటలో చేపలు పట్టే ఇళ్ళ నుంచి పై చదువుకి వచ్చిన మొదటి ఆడపిల్ల. ఈ లేబరేటరీలో నాలుగో ఏడు పరిశోధన చేస్తోంది. నిన్న రాత్రి నుంచి స్టేషన్లో బెంచీ మీద కూర్చుని, కూర్చున్నట్టే తెల్లవారింది.

"మీ సారుకి ఒంట్లో బాగోలేదని నీకు ఎప్పుడు తెలిసింది?"

"నెల దాటిందండి. కడుపులో మెలిపెడతన్నాదనేవారు. అన్నం తినేవారు కారు. తర్వాత సెయ్యి బలం పోయింది. బోర్డు మీద రాస్తంటే మణికట్టు వాలిపోయి సుద్దముక్క కిందపడిపోయేది. పోయిన వారం ఇక్కడే, ఈ కుర్చీలోనే, మూర్ఛ వొచ్చి పడిపోయారు." తులసి అరుణశ్రీ వైపు తిరిగింది. "ఇంకా కళ్ళు తెరవనేదంట కదండి?"

"లేదు."

ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేస్తే సీసం కనిపించింది. ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు. ఇక పోలీసులకి ఎంతసేపు? ఈ లేబరేటరీలో చేసేదే సీసంతో పని. సీసం అల్మరా తాళం తులసి దగ్గర. సీసం అయొడైడు బుడ్డిలో సగం ఖాళీ. పైగా పదిరోజుల కింద ఆయనా, తులసీ పెద్దగా మాటామాటా అనుకోవడం వరండాలో అందరూ విన్నారు. ధనరాజు కేసు కట్టేశాడు.

"గొడవ దేని గురించి?"

"నా స్ఫటికం గురించండి. కొత్త నిర్మాణం దొరికిందని నేను పేపరు రాసేసినాను. సారు ఎక్స్‌రే పటం సూసి, లోపలికి నీటి అణువు దూరిపోయింది, నువ్వు సూసుకోనేదు, మళ్ళీ సెయ్యమన్నారు. నాకు కోపం వొచ్చింది. ఏడ్సినాను, అరిసినాను. మర్నాడు సూస్తే నిజంగానే నీరున్నాది. ఎల్లి కాళ్ళు పట్టుకున్నాను."

"అది ఎవరూ విన్నేదమ్మా" అన్నాడు ధనరాజు. "అరిసిందే విన్నారు."

"కాళ్ళు పట్టుకుంటే చప్పుడవదు కదండీ" అని అరుణశ్రీ ఈసారి కళ్ళు తెరిచింది. "తులసీ, మీ స్ఫటికం లోపల ఎలా ఉంటుందో సి.ఐ.గారికి చెప్పు. రసాయన శాస్త్రం తెలియని మనిషికి చెప్పినట్టు."

తులసి ముఖంలోకి కాస్త ప్రాణం వచ్చింది. చేతులు ఆడిస్తూ చెప్పింది. "మధ్యలో సీసం ఉంటాదండి. దాని సుట్టూ ఆరు అయొడిన్లో, బ్రోమిన్లో పట్టుకుని గూడులా నిలబడతాయి. గూడూ గూడూ మూలల దగ్గర సేతులు కలుపుకుని వలలాగా అల్లుకుంటాయి. ఆ వల కన్నులో ఓ సిన్న సేంద్రియ అణువు కూకుంటాది. మరీ పెద్దదైతే వల సినిగిపోతాది. మరీ సిన్నదైతే వల వంకరపోతాది. సరిపోయిందే నిలుస్తాది. మా ఊర్లో వల అల్లేటప్పుడు కన్ను కొలత సూస్తారు కదండి, అలాగే. నేనిలా సెప్తే సారు పడీపడీ నవ్వి, క్లాసులో ఆయన కూడా అదే సెప్పేవారు."

ధనరాజు గడియారం చూసుకున్నాడు. "బాగున్నాది. కోర్టులో కూడా ఇదే సెప్పు."

అరుణశ్రీ లేచింది. సంచీలోంచి అతినీలలోహిత కాంతి టార్చీ తీసింది. తులసి చూపించిన బుడ్డిలోంచి మిథైల్ అమోనియం బ్రోమైడు అనే తెల్లటి ఉప్పు చెంచాడు తీసి, స్పిరిట్లో కరిగించి, పూలమొక్కలకి నీళ్ళు చిమ్మే సీసాలో పోసింది.

"సి.ఐ.గారూ, ఇందులో ఉన్నది తులసి చెప్పిన ఆ చిన్న అణువు, దాంతోపాటు బ్రోమిన్. ఎక్కడైనా సీసం ఉంటే దాని మీద ఇది పడగానే ఆ వల తనంతట తానే అల్లుకుంటుంది. కంటికి ఆనని దుమ్మయినా సరే. ఈ టార్చీ వేస్తే వెలుగుతుంది. దీపం ఆపండి."

చీకటి పడింది. పంపు మోత ఇంకా దగ్గరికి వచ్చినట్టయింది. అరుణశ్రీ పనిచేసే బల్ల మీద సన్నగా చిమ్మి టార్చీ వేసింది.

బల్లంతా ఎర్రటి చుక్కలు లేచాయి. నిప్పు ఆరబోతున్న బొగ్గుల్లో మిగిలే మసక ఎరుపు. కొలతల త్రాసు దగ్గర గుంపుగా, అంచు వెంట అక్కడొకటీ ఇక్కడొకటీ. కానిస్టేబుల్ "అమ్మోయ్" అని కాళ్ళు వెనక్కి లాక్కుంది. అరుణశ్రీకి కాసేపు నేల ఎటుందో ఆకాశం ఎటుందో తెలియలేదు. చిన్నప్పుడు జ్వరంలో మంచం మీద పడుకుని చూసిన చుక్కలు గుర్తొచ్చాయి. అవీ ఇలాగే కళ్ళు మూసినా పోయేవి కావు.

"ఇంకేటి కావాలి?" ధనరాజు గొంతు చీకట్లోంచి ఉల్లాసంగా వచ్చింది. "మీ సేత్తో మీరే సూపించేరు. బల్లంతా సీసమే."

"సీసం లేబరేటరీలో సీసం ఉండక బెల్లం ఉంటుందా? రంగు చూశారా?"

"ఎరుపు."

"గుర్తుపెట్టుకోండి. తులసీ, అల్మరాలో సీసం బుడ్డి తియ్యి."

తులసి తీసిన పసుపురంగు పొడిని కాగితం మీద ఆవగింజంత పెట్టి చిమ్మారు. అదీ ఎర్రగానే వెలిగింది.

"ఇక్కడున్న సీసమంతా అయొడైడే. వేరే సీసం మీ సారు కొననివ్వలేదు, అవునా?"

"అవునండి. నా పనంతా అయొడైడు మీదే."

"ఆ అయొడిన్ కూడా వలలో చేరుతుంది. చేరితే వెలుగు ఎరుపు వైపు జరుగుతుంది. అయొడిన్ లేని సీసమైతే వచ్చే వల పూర్తిగా బ్రోమిన్‌దే. అప్పుడు వెలుగు ఆకుపచ్చ. తేటైన ఆకుపచ్చ. ఈ గదిలోంచి తీసిన విషమైతే ఎక్కడ పడినా ఎర్రగానే కనిపించాలి."

"ఎరుపైతే ఏటి, పచ్చైతే ఏటి మేడమ్? సీసం సీసమే కదా. మడిసి అక్కడ సావుబతుకుల్లో ఉన్నాడు. మీరు ఇక్కడ దీపావళి సేస్తన్నారు."

ఆ మాట అరుణశ్రీకి గుచ్చుకుంది. ఎందుకంటే అందులో నిజముంది. ఆవిడకి ఈ వెలుగులంటే మోజు. పనిలో పడితే మనుషుల్ని మర్చిపోతుందని పాత ఆఫీసులో కూడా అనేవారు. కోపం వచ్చింది, మింగింది.

"మీరు క్యారేజీ పరీక్షకి పంపారు. కాఫీ కప్పులు పంపారు. నీళ్ళ క్యాను పంపారు. దేన్లోనైనా దొరికిందా?"

ధనరాజు బూట్లు కిర్రుమన్నాయి. జవాబు అరుణశ్రీయే చెప్పింది.

"దొరకలేదు. ఆయన నోట్లోకి సీసం ఏ దారిన పోయిందో తెలియకుండా ఆ పిల్లని జైలుకి పంపుతున్నారు."

"ఈ పిల్ల కడిగేసుండొచ్చు."

"కడిగిన చోట కూడా వెలుగుతుంది. అందుకే కదా ఇంత దీపావళి."

ఇద్దరూ చీకట్లో ఒకరి ముఖం ఒకరికి కనపడకుండా నిలబడ్డారు. బయట ఎక్కడో ఉరిమింది. వానలు ఇంకా అందుకోలేదు గానీ నాలుగు రోజులుగా ఇదే ఉక్క. అరుణశ్రీ ఏమీ ఆలోచించకుండా, చెయ్యి ఎటు పోతే అటు పోనిచ్చి, తాను ఇంతసేపు కూర్చున్న చోటికి తిరిగింది. ప్రొఫెసర్ గారి రాతబల్ల. పుస్తకాలు పక్కకి జరిపి చిమ్మింది. టార్చీ వేసింది.

బల్ల కుడిపక్కన, కిటికీ వైపు, ఆకుపచ్చటి వలయం ఒకటి తేలింది.

గుండ్రంగా, అరచేతి వెడల్పున. ఒకచోట మందంగా, ఒకచోట తెగి. దాని పక్కనే మరొకటి సగం పడి ఉంది, ఇంకొకటి దాని మీదుగా. రోజూ అదే చోట తడిపాత్ర ఏదో పెట్టి తీస్తే పడే మచ్చలు. చుట్టూ అంతా చీకటి, మధ్యలో ఆ వలయాలు మాత్రం చెరువు నీళ్ళ మీద చందమామ కదిలినట్టు టార్చీ వణుకుకి వణుకుతున్నాయి. ఎర్రచుక్క ఒక్కటి లేదు. 

"ఇక్కడ ఏం పెట్టేవారు?" అరుణశ్రీ నెమ్మదిగా అడిగింది. గట్టిగా అడిగితే వెలుగు ఆరిపోతుందేమో అన్నట్టు.

"సారు సెంబండి" అంది తులసి. "తరవాణి సెంబు. వేసవి అంతా పొద్దున్నే ఇంటికాడ నుంచి సీసాలో తరవాణి తెచ్చుకుని, దాన్లో పోసుకుని, సాయంత్రం దాకా గుక్కా గుక్కా తాగేవారు. పులిసిన గంజినీళ్ళు సలవ సేస్తాయని. వాళ్ళమ్మగారిదండి ఆ సెంబు, బుడితి ఊళ్ళో సేసిన ఇత్తడిది. ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు."

"ఇప్పుడెక్కడుంది?"

ధనరాజు దీపం వేశాడు. ఆయన ముఖంలో ధీమా కొంచెం తగ్గింది. "సెంబేదీ మాకు కనపడనేదు."

తులసి తలుపు వైపు వేలు చూపించింది. కనపడక కాదు, కళ్ళ ముందే ఉంది. తలుపు పక్కన గూట్లో పైడితల్లి పటం, పటం ముందు మామిడాకులు, కొబ్బరికాయ, కుంకుమబొట్లు పెట్టిన చెంబు. పోలీసులు మూడుసార్లు దాని ముందు నుంచి నడిచారు. చెప్పులు విప్పి దండం కూడా పెట్టుకున్నారు. దేవుడి దగ్గర కలశాన్ని ఎవడు అనుమానిస్తాడు?

గదులు ఊడ్చే తాతమ్మని పిలిచారు. అరవయ్యేళ్ళ మనిషి. కలశం తియ్యాలనగానే గూటికి అడ్డంగా నిలబడింది.

"నానే పెట్టినాను. సారు పడిపోయిన నాడు మొక్కుకున్నాను. బాబు లేసి కూకున్నాక తీస్తాను. మద్దెలో కదిపితే మంచిది కాదమ్మా."

"సారు లేచి కూర్చోవాలనే కదిపేది, అమ్మా" అంది అరుణశ్రీ. "మేం ముట్టుకోం. నువ్వే తియ్యి. అమ్మవారికి చెప్పుకునే తియ్యి."

తాతమ్మ పెదాలు కదుపుతూ చెప్పుకుంది. కొబ్బరికాయ పక్కన పెట్టి, మామిడాకులు తీసి, నీళ్ళు ఓ గాజు పాత్రలోకి ఒంపింది. దీపం ఆపారు. అరుణశ్రీ చెంబులోకి చిమ్మి, టార్చీ వంచింది.

చెంబు నిండా వెలుగు. అడుగు నుంచి మెడ దాకా ఒక్క మచ్చ వదలకుండా తేటైన ఆకుపచ్చ. పొంగి బయటికి ఒలుకుతుందా అనిపించేంత. తాతమ్మ చేతులు జోడించింది. మహిమ అనుకుంది పాపం. తులసి అటే చూస్తూ ఉండిపోయింది. ఆ వెలుగులో ఆమె ముఖం చిన్నపిల్ల ముఖంలా అయిపోయింది. తాను నాలుగేళ్ళుగా గాజుగదుల్లో, చేతికి తొడుగులు వేసుకుని, గాలి తగలనివ్వకుండా పెంచుకున్న స్ఫటికం ఇదే కదా. ఇక్కడ అమ్మవారి ముందు, నీళ్ళ చెంబులో పుట్టింది.

అరుణశ్రీకి గుండె తేలికైంది. ఇంత సంతోషం ఆవిడకి చాలాకాలమైంది.

"చూశారా? చెంబు లోపల పూసిన కళాయిలో ఉంది సీసం. పులిసిన తరవాణి దాన్ని రోజంతా కరిగించింది. ఆయన రోజంతా తాగారు. ఇది లేబరేటరీ సీసం కాదు, ఎరుపు చుక్కైనా లేదు. కావలిస్తే ఫోరెన్సిక్ వాళ్ళకి పంపండి. వాళ్ళు చెప్పేదీ ఇదే. తులసిని వదిలేయండి సి.ఐ.గారూ."

ధనరాజు దీపం వేశాడు. తొడుగు వేసుకుని చెంబు చేతిలోకి తీసుకున్నాడు. పెన్ను మొనతో లోపల గీశాడు. తెల్లకాగితం చుట్టి లోపల రుద్ది, బయటికి తీసి చూశాడు. పెన్సిలుతో గీసినట్టు బూడిదరంగు చార పడింది. ఆయన కాగితం దగ్గరగా పట్టుకుని దాన్నే చూశాడు. హారన్ కొట్టే మనిషి ఆగి చూస్తే ఎలా ఉంటుందో అరుణశ్రీ అప్పుడే మొదటిసారి గమనించింది.

"కళాయికి ఏసే తగరమైతే ఇలా చార పడదు, నిజమే" అన్నాడు. "మా అమ్మ ఇత్తడి సామాన్లకి కళాయి ఏయించేది. సిన్నప్పుడు తిత్తి ఊదడానికి నన్నే కూకోబెట్టేది." చెంబుని వెలుతురుకి తిప్పాడు. "సెంబు పాతది. కళాయి కొత్తది. రెండు మూడు నెలలు కూడా అయ్యుండదు. ఎవరు ఏయించేరు?"

గదిలో పంపు మోగుతూనే ఉంది. అరుణశ్రీకి ఆ ప్రశ్న తాను ఎందుకు అడగలేదో అర్థం కాలేదు. ఆకుపచ్చ చూసి మురిసిపోయి అక్కడే ఆగిపోయింది. తులసి వైపు తిరిగింది.

తులసి ముఖంలో నెత్తురు లేదు.

"నేనే" అంది.

కానిస్టేబుల్ ఆమె పక్కకి వచ్చి నిలబడింది. ధనరాజు గెలిచిన ముఖం పెట్టలేదు. అదే అరుణశ్రీని ఎక్కువ భయపెట్టింది.

"చెప్పు తులసీ. మొదటి నుంచీ."

"వేట నిషేధం మొదలైన వారం అండి. సముద్రం మీదకి ఎల్లకూడదు కదా, మగాళ్ళంతా ఇళ్ళకాడే ఉంటారు. వలలు బాగుసేసుకుంటారు. కళాయి ఏసే ఆయన అప్పుడే మా ఈదిలోకి వొచ్చాడు. మాకు గంగమ్మ సంబరం దగ్గరికొచ్చినాది. అందరూ ఇత్తడి సామాన్లు బయటికి తీసినారు. సారు సెంబులో కళాయి పోయి, తరవాణి సిలుమెక్కుతున్నాదని ఎప్పట్నుంచో అంటన్నారు. విజయనగరంలో కళాయి ఏసేవాళ్ళెవరూ దొరకటంనేదని. నేనే అడిగి పట్టుకెళ్ళినాను. ఆయన ఎవరికీ ఇవ్వరండి. నాకిచ్చారు."

ఆగింది. చెంబు వైపు చూసి మళ్ళీ అందుకుంది.

"ఈదంతా సామాన్లే. కళాయాయనకి తగరం సాలనేదు. పట్నం ఎల్లి తెచ్చుకొస్తానన్నాడు. మా మావ, లక్ష్ముడు మావ, పక్కనే కూకుని వలకి కట్టే సీసం గుళ్ళు పోస్తన్నాడు. ఎందుకురా అంత దూరం, ఇదీ తెల్లగానే మెరుస్తాది, ఇదీ కరుగుతాది, దీన్నేసుకో అని ముద్ద తీసి ఇచ్చేసినాడు. మావకి ఎవరైనా ఏదైనా నేదంటే సాలు, సేతిలో ఉన్నది ఇచ్చేస్తాడు. బాగా అంటుకుంది. ఎన్నడూ రానంత మెరుపు వొచ్చిందని అందరూ సంబరపడినారు."

"నువ్వు అక్కడే ఉన్నావా?"

"ఉన్నాను. తిత్తి ఊదినాను."

అరుణశ్రీ కష్టమ్మీద అడిగింది. "సీసం అని నీకు తెలుసు కదా?"

తులసి తల ఎత్తి చూసింది. ఆ కళ్ళలో ఏడుపు లేదు, నిర్ఘాంతపోయి ఉన్నాయి. "ఇక్కడ గరిటెడు పొడి తియ్యాలంటే ముక్కుకి గుడ్డ కట్టుకుంటానండి. సేతులు మూడుసార్లు కడుక్కుంటాను. ఇంటికాడ అది మావ వల గుళ్ళు. నా పుట్టుక నుంచీ సూస్తన్నాను. పిల్లలప్పుడు నోట్లో పెట్టుకుని, పళ్ళతో కొరికి వల తాడుకి నొక్కేవాళ్ళం. ఇంటికాడ దాన్ని సీసం అనుకోనేదండి ఎప్పుడూ. రెండూ ఒకటేనని నాకు అనిపించనే నేదు. నాలుగేళ్ళు దాని లోపల అణువు ఎక్కడ కూకుంటాదో లెక్కలు కట్టినాను. మా సారుకి నా సేత్తో నేనే…"

స్టూలు మీద కూలబడింది. తాతమ్మ వచ్చి ఆమె తల తన పొట్టకి ఆనించుకుంది.

హత్య కాదని ఆ గదిలో ఉన్నవాళ్ళందరికీ ఆ క్షణంలోనే తెలిసిపోయింది. ధనరాజుక్కూడా. ఆయన చెంబుని బల్ల మీద పెట్టి, జేబు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. వకీలుకి ఏం చెప్పాలి, ఎస్పీకి ఏం రాయాలి అని ఆలోచిస్తున్నట్టున్నాడు. అరుణశ్రీ ఆసుపత్రికి ఫోన్ చేసి, సీసం దేన్లోంచి పోయిందో డాక్టరుకి చెప్పింది. విరుగుడు మందు నిన్ననే మొదలుపెట్టామనీ, ఇకమీదట లోపలికి పోయే దారి లేదంటే ఆశ ఉందనీ ఆయన అన్నాడు. ఆ మాట తులసికి చెప్దామని తిరిగింది.

తులసి అప్పటికే లేచి నిలబడి ఉంది.

"అండీ" అంది ధనరాజుతో. "నా ఫోను మీ దగ్గరున్నాది. ఒక్కసారి ఇయ్యండి."

"ఎందుకు?"

"ఈదంతా ఆ కళాయే ఏయించుకున్నారండి."

 ఇంతసేపూ ఒక్క చెంబు గురించే మాట్లాడుకున్నారు. ఆ ముద్ద పూసింది ఒక్క చెంబుకి కాదు. అరుణశ్రీకి కళ్ళ ముందు చీకటి గది కనిపించింది. అందులో ఒక్కటి కాదు, వీధి పొడుగునా ఆకుపచ్చ వలయాలు. అరుగుల మీద, పొయ్యిగట్ల మీద, ఉయ్యాలల పక్కన, వరసగా వెలుగుతూ.

ధనరాజు సీలు వేసిన కవరు చింపి ఫోను బయటికి తీసి, తానే ఆన్ చేసి తులసి చేతికిచ్చాడు. అందరికీ వినపడేట్టు పెట్టమని సైగ చేశాడు.

అవతల వదిన ఎత్తింది. వెనకాల పిల్లల ఏడుపు.

"తులసే? ఒసే, తిన్నావేటే? ఆళ్ళు కొట్టనేదు కదా?"

"నేదొదినా. నాను సెప్పేది ఇను. పిల్లలు ఎలాగున్నారు?"

"ఏటి సెప్పమంటావు. ఈదంతా ఒకటే కడుపునొప్పులు. ఎండదెబ్బ అంటన్నారు. మన సిన్నది బంగారి నిన్నట్నుంచి సెయ్యి ఎత్తనేకపోతన్నాది, పొద్దున కళ్ళు తేలేసినాది. గంగమ్మ గుడికాడ పడుకోబెట్టినాం. అక్కడ ఇంకో నలుగురు పిల్లలున్నారు. అన్నం నోట పెట్టటంనేదు."

"మరేటి పెడతన్నారొదినా?"

"తరవాణే. సలవ సేస్తాది కదే. గంటగంటకీ సెంబుడు పట్టిస్తన్నాం."

 ఎందులో పోసి ఇస్తున్నారని తులసి అడగలేదు. అడగక్కర్లేదు. ఫోను ముందుకి చాచింది. ధనరాజు ఆమె చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. రెండో చేత్తో కానిస్టేబుల్‌కి సైగ చేశాడు, జీపు తియ్యించు, కోర్టుకి కాదు, అంబులెన్సులకి చెప్పు అని. అరుణశ్రీ అప్పటికే చిమ్మే సీసా, టార్చీ సంచీలో వేసుకుంటోంది.

"అమ్మా" అన్నాడు ధనరాజు ఫోనులో. "నాను సి.ఐ.ని మాటాడతన్నాను. నా మాట ఇను. పిల్లలకి ఆ తరవాణి ఆపెయ్యండి. ఆ సెంబులన్నీ ఇప్పుడే బయట పడెయ్యండి. నాను వస్తన్నాను. ఇనపడతన్నాదా?"

అవతల గొంతు ఒక్కసారి మారిపోయింది. పోలీసు అన్న మాట తప్ప ఆవిడ చెవిన మరేదీ పడలేదు.

"బాబూ, మీ కాళ్ళకి దండం పెడతాను. మా తులసిని ఒగ్గెయ్యండి. దానికేటీ తెలీదు బాబూ. మా తులసి సీమనైనా సంపనేదు. ఈదిలో ఎవర్నడిగినా సెప్తారు బాబూ, దాని సెయ్యి సల్లనిది."